సెట్టయిందా, లేదా?

కిందటి వారం ఒక పాఠకుడు ఉత్తరం రాశాడు. అందులో పొగడ్త లేదు, తిట్టూ లేదు. ఒకే ఒక్క సందేహం వుంది.

‘‘అయ్యా! ఫలానా సినిమా ‘సెట్స్ మీద’ వుంది, ఫలానా సినిమా వచ్చే నెల ‘సెట్స్ మీదకి’ వెళ్తోంది అని మీరంతా రాస్తుంటారు. సెట్టంటే ఇల్లో, కోటో, గుడో కదా! దాని లోపల వుంటారు గానీ మీద ఎలా వుంటారు? కప్పెక్కి కూర్చుంటారా?’’

చదివి నవ్వుకున్నాను. నవ్వాక ఆలోచనలో పడ్డాను. ఇన్నేళ్ళుగా ఈ మాట రాస్తున్నాను. ఒక్కసారైనా నాకీ అనుమానం రాలేదు. పైగా ఇంకో విడ్డూరం చూడండి. యూనిట్ మొత్తం అరకులోయలో చెట్ల కింద షూటింగ్ చేస్తూంటుంది. అక్కడ సెట్టు లేదు, సెట్టు తాలూకు మేకు కూడా లేదు. అయినా మనం ‘సినిమా సెట్స్ మీద వుంది’ అనే రాస్తాం. వున్నది కొండ మీద, రాసేది సెట్టు మీద!

సరే, ఉత్తరానికి జవాబు చివర్లో చెబుతాను. ముందు ఈ ‘సెట్టు’ సంగతేమిటో చూద్దాం. తీరా చూడ్డం మొదలుపెడితే ఇది మామూలు మాట కాదు, మహానటుడు!

* * *

మన సినిమావాళ్ళ సెట్టు గురించి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. సరుగుడు వాసాలు, రీపర్లు, ప్లైవుడ్ చెక్కలు, గోనెపట్టా, ప్లాస్టర్ ఆఫ్ పారిస్, నాలుగు డబ్బాల రంగు. వీటితో ఇంద్రభవనం లేస్తుంది. ముందునించి చూస్తే చలువరాతి స్తంభం, వెనక్కి వెళ్ళి చూస్తే మేకులు, సుత్తి దెబ్బలు. చాలా సెట్లకి పైకప్పు వుండదు. లైట్లు అక్కణ్ణించే కదా దిగాలి! (అంచేత, కప్పెక్కి కూర్చోవడం కుదరదని ఆ పాఠకుడికి ఇప్పుడే మనవి.)

‘మాయాబజార్’ (1957) సినిమాలో ద్వారకానగరం గుర్తుందా? గోఖలే, కళాధర్ గార్లు కళాదర్శకులు. చిన్న చిన్న బొమ్మ ఇళ్ళు పేర్చి, వాటిల్లో దీపాలు పెట్టి, మార్కస్ బార్ట్లీ గారి కెమెరా కన్నుతో దాన్ని మహానగరం చేసేశారు. ‘నాయకన్’ (1987) కోసం బొంబాయి ధారావి మురికివాడని తోట తరణి గారు మద్రాసులో వేస్తే, దానికి జాతీయ బహుమతి వచ్చింది. ‘ఒక్కడు’ (2003)లో చార్మినార్‌ని అశోక్ గారు వేశారు. హైదరాబాదులో అసలు చార్మినార్ వుండగా హైదరాబాదులోనే ఇంకో చార్మినార్! ఆ మరుసటేడు ‘అర్జున్’ (2004) కోసం తోట తరణి గారు మధుర మీనాక్షి గుడిని లేపారు. ‘బాహుబలి’ (2015)లో సాబు సిరిల్ గారి మాహిష్మతినైతే షూటింగయ్యాక జనం టిక్కెట్టు కొనుక్కుని మరీ చూసొచ్చారు.

ఇదీ మన సెట్టు. కానీ ఈ మాట మన ఫ్లోర్లోనే కట్టిపడేసినట్టు వుంటే ఈ వారం నాకు రాయడానికి పనేముంది? అది బయట తిరుగుతోంది. మామూలుగా కూడా కాదు, వీధి వీధీ తిరుగుతోంది.

నమ్మకం లేకపోతే మొన్న ఆదివారం పొద్దున్న మా ఇంట్లో జరిగింది వినండి.

నిద్రలేచి వంటింట్లోకి వెళ్ళాను. మా ఆవిడ అల్మారాలోంచి కొత్త టీ సెట్టు తీస్తోంది. చుట్టాలొస్తున్నారట. ‘‘పాలు తోడేశాను, పెరుగింకా సెట్టవలేదు. గిన్నె కదపకండి’’ అంది. అప్పుడే మా మావగారు గదిలోంచి, ‘‘అమ్మాయీ, నా పళ్ళ సెట్టు ఎక్కడ పెట్టావే?’’ అని కేకేశారు. పళ్ళు లేకపోవడంతో ఆ ‘సెట్టు’ కాస్తా ‘హెత్తు’ అని వినపడింది. మా పెద్దవాడు టీవీ సెట్టాప్ బాక్సు వెనకాల వైర్లు పీకి, ‘‘సెట్టింగ్స్ మారిపోయాయి నాన్నా’’ అంటున్నాడు. చిన్నవాడు అద్దం ముందు నిలబడి అరగంటనించి జుట్టు సెట్ చేసుకుంటున్నాడు. పక్కింటావిడ వచ్చి గుమ్మంలోనే, ‘‘మా అమ్మాయికి సంబంధం సెట్టయిందండీ’’ అని శుభవార్త చెప్పింది. వెనకే వాళ్ళమ్మాయి, ‘‘అమ్మా! నెక్లెసు సెట్టు నాకు సెట్టవలేదు, మార్చెయ్’’ అంది. ఒకే వాక్యంలో రెండు సెట్లు! ఒకటి నగ, ఒకటి నప్పడం.

ఇదంతా చూసి కడుపులో ఏదోలా వుండి, నేను ఫలహారం వద్దన్నాను. ‘‘ఏం? పొట్ట అప్సెట్టా?’’ అంది మా ఆవిడ.

చివరికి హోటలుకెళ్ళి ఏం తిన్నానో తెలుసా? సెట్ దోశ. బెంగుళూరు వైపునించి మనకి వచ్చిన పదార్థం. మెత్తగా, మందంగా వుంటుంది. ఒకటి అడిగితే ఇవ్వడు. రెండో మూడో కలిపి ఒక సెట్టు కింద ఇస్తాడు, అంచేత ఆ పేరు.

బయటికొస్తే పక్కనే కొత్త ఇంటికి స్లాబు పోస్తున్నారు. మేస్త్రీ కూలీల మీద అరుస్తున్నాడు: ‘‘త్వరగా లాగండి, సిమెంటు సెట్టయిపోతుంది!’’ ఆయన కంగారూ న్యాయమే. మామూలు సిమెంటు నీళ్ళు తగిలిన అరగంటలోపల బిగియడం మొదలెట్టకూడదు, పది గంటలు దాటకుండా పూర్తిగా బిగిసి తీరాలి అని మన దేశపు ప్రమాణాల్లో రాసుంది. ఆ లోపల పోయాల్సినచోట పొయ్యకపోతే పోసినవాడి ఖర్మ.

లెక్కేసుకోండి. పొద్దుటినించి నేను విన్నవి ఎన్ని? కప్పుల జత సెట్టు, పెరుగు పేరుకోవడం సెట్టు, పళ్ళు సెట్టు, జుట్టు దువ్వడం సెట్టు, సంబంధం కుదరడం సెట్టు, నగ సెట్టు, నప్పడం సెట్టు, దోశ సెట్టు, సిమెంటు బిగియడం సెట్టు. ఇంకా పేకాటదాకా వెళ్ళలేదు! రమ్మీలో సెట్టు వుంది. టెన్నిస్‌లో వుంది, వాలీబాల్‌లో వుంది. ఆ వాలీబాల్లో బంతిని పైకెత్తి అందించేవాడి పేరే సెట్టరు. బంతిని కొట్టినవాడికి చప్పట్లు, ఎత్తినవాడికి చేతులు నొప్పి. ఈ ముక్క గుర్తుంచుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

దొంగ సెట్టు కూడా ఒకటుంది. ఐసెట్టు, లాసెట్టు, పాలిసెట్టు, ఒకప్పటి ఎంసెట్టు, ఇప్పటి ఈఏపీసెట్టు. వీటిల్లో సెట్టు అసలు సెట్టే కాదు. కామన్ ఎంట్రన్స్ టెస్ట్ అనే మూడు మాటల మొదటి అక్షరాలు కలిపితే అలా కూడింది. వేషం ఒకటే, మనిషి వేరు.

* * *

మా చిన్నప్పుడు ఇంగ్లీషు మేష్టారు క్రియలు వల్లె వేయించేవారు. గో, వెంట్, గాన్ అంటే నోరు తిరిగేది కాదు, బెత్తం తిరిగేది. కానీ మూడు మాటలంటే క్లాసంతటికీ పరమ ప్రీతి. కట్–కట్–కట్, పుట్–పుట్–పుట్, సెట్–సెట్–సెట్! నిన్నయినా అదే, ఇవాళయినా అదే. మారదు, మోసం చెయ్యదు. ‘‘ఇంగ్లీషువాడు మనమీద దయతలచి చేసిన మూడు మాటలురా ఇవి’’ అనేవాడు మా బెంచీలో వాడొకడు.

తరవాత లెక్కల క్లాసులో ఇదే సెట్టు తెలుగు వేషం కట్టుకుని ‘సమితి’గా వచ్చింది. ఆ రోజుల్లో మాకు తెలిసిన సమితి ఒక్కటే, పంచాయతీ సమితి. అక్కడ జీపుంటుంది, బి.డి.వో. గారుంటారు. లెక్కల మేష్టారు ‘శూన్య సమితి’ అనగానే, ‘‘అంటే బి.డి.వో. గారు లీవులో వున్నారా అండీ?’’ అని అడిగి ఒకడు తన్నులు తిన్నాడు. ఆ పంచాయతీ సమితులు 1980ల్లో మండలాలొచ్చి పోయాయి. శూన్య సమితి మాత్రం వుంది. నెలాఖర్లో నా జేబులో చూడవచ్చు.

ఇంతకీ ఈ మూడక్షరాల ఇంగ్లీషు మాటకి అర్థాలెన్ని? ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు రెండో కూర్పు 1989లో వచ్చింది. అందులో ‘సెట్’ దగ్గర 430 అర్థాలిచ్చారు. ఆ వివరణంతా కలిపి సుమారు 60 వేల మాటలు. ఒక్క మాటకి వివరణ ఒక చిన్న నవలంత! గిన్నిస్ రికార్డుల పుస్తకంవాళ్ళు కూడా దీన్ని అత్యధిక అర్థాల మాటగా ఎక్కించుకున్నారు.

అయితే నెంబర్ వన్ స్థానం ఎవరికీ శాశ్వతం కాదు. మన హీరోలకే కాదు, మాటలకీ అంతే. నిఘంటువు మూడో కూర్పు పని సాగుతూండగా, 2011లో ఒక వార్త బయటికొచ్చింది. ‘రన్’ అనే మాట సెట్టుని దాటేసింది. క్రియగానే దానికి 645 అర్థాలు తేలాయట! ఎందుకో ఆలోచించండి. యంత్రాలొచ్చాయి. మిషను రన్నవుతుంది, ఫ్యాక్టరీ రన్నవుతుంది, కంప్యూటర్లో ప్రోగ్రాం రన్నవుతుంది, సినిమా వంద రోజులు రన్నవుతుంది. లోకం కుదురుగా కూర్చున్నన్నాళ్ళూ సెట్టుది పైచెయ్యి. పరుగులు మొదలెట్టాక రన్నుది రాజ్యం.

మరి ఇంత చిన్న మాటకి ఇన్ని అర్థాలేమిటి? పెద్ద మాటకి కదా ఎక్కువుండాలి?

అక్కడే వుంది కిటుకు. ‘రిఫ్రిజిరేటర్’ అనే మాట తీసుకోండి. చూడ్డానికి భారీ విగ్రహం. కానీ ఒకే వేషం, చల్లబెట్టడం. అది తప్ప ఇంకో పాత్రకి పిలవలేం. ‘సెట్’ అలా కాదు. అది క్యారెక్టర్ యాక్టరు. ఎస్.వి. రంగారావు గారిని చూడండి. ‘పాతాళభైరవి’ (1951)లో నేపాళ మాంత్రికుడు, ‘మాయాబజార్’లో ఘటోత్కచుడు. మనిషి ఒకడే. పక్కన ఎవరున్నారు, ఒంటి మీద ఏ బట్టలున్నాయి అన్నదాన్నిబట్టి మనకి ఎవరో తెలుస్తుంది. సెట్టు కూడా అంతే. పక్కన ‘టీ’ నిలబడితే కప్పులు, ‘పళ్ళు’ నిలబడితే కట్టుడు పళ్ళు, ‘సంబంధం’ నిలబడితే శుభలేఖ. ఎక్కువ వాడిన మాటకి ఎక్కువ అర్థాలు పోగుపడతాయని 1945లోనే జార్జి జిప్ఫ్ అనే అమెరికా పండితుడు లెక్కలు కట్టి చూపించాడు. మనకి లెక్కలక్కర్లేదు. రోజూ పిలిచే పనివాడికే కదా పది పనులూ పడేది!

ఇంకో రహస్యం చెప్పనా? ఈ సెట్టు డబుల్ రోలు.

క్రియగా వున్న ‘సెట్’ పాత ఇంగ్లీషులోని ‘సెత్తాన్’ అనే మాటనించి వచ్చింది. జతలు, గుంపులు అనే అర్థంలో వచ్చే ‘సెట్’ వుంది చూశారూ, టీ సెట్టు, దోశ సెట్టు, రేడియో సెట్టు, అది పాత ఫ్రెంచి మీదుగా లాటిన్ ‘సెక్తా’నించి వచ్చింది. సెక్తా అంటే ఒకరి వెనక నడిచే బృందం. తెగ, శాఖ అనే అర్థంలో ఇంగ్లీషువాళ్ళు వాడే ‘సెక్ట్’ కూడా దాని సంతానమే. ఈ ఇద్దరూ ఎక్కడెక్కడినించో వచ్చి, పోలికలు కలిసిపోయి, ఒకే చొక్కా వేసుకు తిరుగుతున్నారు. ‘రాముడు భీముడు’ (1964)లో రామారావు గార్లిద్దరూ చివరికి అన్నదమ్ములని తేలతారు. ఇక్కడ చుట్టరికం కూడా లేదు!

మరి మొదటివాడు, ఆ ‘సెత్తాన్’, అసలు అర్థమేమిటో తెలుసా? ‘కూర్చోబెట్టడం’. ఇంగ్లీషులో ‘సిట్’ అంటే కూర్చోవడం, ‘సెట్’ అంటే కూర్చోబెట్టడం. అంతే! మిగతా వందల అర్థాలూ ఈ కుర్చీలోంచి లేచొచ్చినవే. రాయిని ఉంగరంలో కూర్చోబెడితే సెట్టు. విరిగిన ఎముకని దాని చోట కూర్చోబెడితే సెట్టు (మన పుత్తూరు కట్టు చేసేదీ అదే). అచ్చాఫీసులో అక్షరాలని వరసలో కూర్చోబెడితే టైపు సెట్టింగ్. పొద్దు పోయి పడమటి కొండమీద కూర్చుంటే సన్ సెట్. మనవాళ్ళు మాత్రం ‘పొద్దు వాలింది’ అన్నారు. వాళ్ళ సూర్యుడు పెద్దమనిషిలా కూర్చున్నాడు, మన సూర్యుడు పిట్టలా వాలాడు. ‘సెటిల్’ కూడా ఈ కుటుంబమే, దాని మూలం ‘ఆసనం’. అంచేత, ‘‘అబ్బాయి సెటిలయ్యాడా?’’ అని పెళ్ళిళ్ళ పేరయ్య అడిగితే, ‘‘కూర్చోడానికి కుర్చీ దొరికిందా?’’ అని అర్థం. ఉద్యోగం వచ్చిందా అని అడుగుతున్నాడన్నమాటేగా! మాటలకి బుద్ధి వుంటుంది సుమండీ.

ఇదంతా చదివి, ‘‘ఆహా, ఇంగ్లీషు ఎంత గొప్పది’’ అని నిట్టూర్చకండి. మన ఇంట్లో కూడా ఇలాంటివాడొకడున్నాడు. పేరు ‘పెట్టు’. ‘కూర్చోబెట్టు’ అన్నప్పుడు తోకలా వస్తాడే, వాడే! అన్నం పెడతాం, బొట్టు పెడతాం, పేరు పెడతాం, దండం పెడతాం, దీపం పెడతాం. ఎవడైనా అప్పు తీర్చకపోతే కేసు పెడతాం. పేకాటలో పందెం పెడతాం, ఓడితే మొహం ముడుచుకుని ఇల్లు తాకట్టు పెడతాం. అత్తగారు ఆరళ్ళు పెడుతుంది, కోడలు కన్నీళ్ళు పెడుతుంది. ముని శాపం పెడతాడు. కోడి గుడ్డు పెడుతుంది. నిర్మాత డబ్బు పెడతాడు, జ్యోతిష్కుడు ముహూర్తం పెడతాడు, ప్రేక్షకుడు వంకలు పెడతాడు. ‘ఒక్క పెట్టు పెట్టానంటే’ అని బెదిరిస్తే అది దెబ్బ. ఇన్ని చేసేవాడు మన దగ్గరుండగా ఆక్స్‌ఫర్డ్ దాకా పోవడమెందుకు! వాడిది సెట్టు, మనది పెట్టు. అచ్చు ఒకేలాంటి పనివాళ్ళు. మరి మన పెట్టుకి 60 వేల మాటల వివరణ ఎవరు రాస్తారో!

* * *

ఇక్కడితో ఆపేస్తే నవ్వుకుని పేజీ తిప్పేసేవారే. కానీ ఈ ఉత్తరం జేబులో పెట్టుకుని నేను కృష్ణానగర్ వెళ్ళాను. హైదరాబాదులో సినిమా కార్మికులు ఎక్కువగా వుండే పేట అది. అక్కడ నాకో పాత స్నేహితుడున్నాడు. గోదావరి జిల్లా మనిషి. ఎప్పుడో మద్రాసు వెళ్ళి సెట్ల దగ్గర వడ్రంగిగా చేరాడు. పరిశ్రమ హైదరాబాదు తరలినప్పుడు ఆయనా ఉలి, బాడిసె సంచీలో వేసుకుని తరలివచ్చాడు. డెబ్భై అయిదు దాటాయి. చేతివేళ్ళు వంకర్లు పోయాయి.

టీ కొట్టు దగ్గర మనవడితో కనిపించారు. మనవడికి ఏదో కంపెనీలో వుద్యోగం వచ్చిందట. కుర్రాడు హుషారుగా, ‘‘నా లైఫ్ సెట్టయిపోయిందండీ’’ అన్నాడు. ఆ వూపులోనే, ‘‘మా తాతయ్య లైఫే ఎప్పుడూ సెట్టవలేదు. జీవితమంతా సెట్లే వేశాడు, ఏం లాభం?’’ అనేశాడు. వాడికి అది జోకు. చెడ్డ కుర్రాడేం కాదు. తాతకి కొత్త చొక్కా కొనిపెట్టి తీసుకొచ్చాడు. అయినా ఆ మాట టీ గ్లాసుల మధ్య పడి అక్కడే వుండిపోయింది.

మేస్త్రీ గారు కాసేపు ఏం మాట్లాడలేదు. తరవాత నెమ్మదిగా, ‘‘ఆయ్, వాడన్నది నిజవేనండి బాబూ’’ అన్నారు. ‘‘నా చేత్తో కట్టింది ఒక్కటీ నిలబడలేదు. ఇరవై రోజులు కడతాం. పది రోజులు తీస్తారు. పదకొండో రోజున కొట్టెయ్యమంటారు. కొట్టేదీ మేవేనండి.’’

‘‘బాధనిపించేదా మేస్త్రీ గారూ?’’

‘‘అలవాటైపోద్దండి. ఒక్కసారి మాత్రం…’’ అని ఆగి, టీ ఒక గుక్క తాగి చెప్పారు.

మద్రాసు రోజుల్లో ఒక జానపద చిత్రం. సింహాసనం చెయ్యమన్నారు. సెట్టు అంతా బూటకమే అయినా, కూర్చునేది మాత్రం గట్టిదై వుండాలి. రాజు వేషంవాడు భారీ మనిషి. విరిగితే ప్రాణం పోతుంది. అంచేత టేకు చెక్కతోనే చేశారు. మూడు రాత్రులు నిద్రలేకుండా సింహాల తలలు చెక్కారు. షూటింగ్ రోజు పొద్దున్న కెమెరామాన్ లైటింగ్ చేసుకోవాలి. రాజు గారింకా మేకప్ రూములోంచి రాలేదు. ‘‘ఎవడో ఒకణ్ణి కూర్చోబెట్టండయ్యా’’ అని అరిచారు. పక్కనే సుత్తి పట్టుకుని నిలబడ్డ ఈయన్ని పట్టుకుని కూర్చోబెట్టారు.

‘‘ముప్పావుగంట కూర్చున్నానండి. లైట్లన్నీ నా మొహం మీదే. గొడుగు పట్టేవోళ్ళు అటూ ఇటూ. ‘కదలకు’ అన్నారండి. నేనెందుక్కదుల్తాను! అంతకు ముందు మూడు రోజుల్నించీ నిలబడే వున్నాను. మా ఫ్లోర్లో మాకు కుర్చీ వుండేది కాదండి. కుర్చీలన్నీ మేవే చేసేవోళ్ళం, కూర్చునేది మాత్రం వాళ్ళు. ఇంతలో రాజు గారొచ్చారు. నేను లేచాను. ఆయన కూర్చుని, చెక్క మీద చెయ్యేసి నిమిరి, ‘బావుందే!’ అన్నారండి. ఎవరు చేశారని మాత్రం అడగలేదు.’’

ఆ సినిమా సగంలోనే ఆగిపోయింది. రావాల్సిన చివరి వారం బేటా కూడా రాలేదట. సింహాసనం ఏమైందో ఆయనకి తెలీదు.

‘‘మీరు చూశారా తాతయ్యా, ఆ సీను?’’ అన్నాడు మనవడు. గొంతులో ఇందాకటి హుషారు లేదు.

‘‘రిలీజైతే కదరా చూడ్డానికి.’’

అప్పుడు నేను నిఘంటువు సంగతి చెప్పాను. మేస్త్రీ గారూ, ఇంగ్లీషులో ‘సెట్’ అంటే మొట్టమొదటి అర్థం ఇల్లూ కాదు, కోటా కాదు. ‘కూర్చోబెట్టడం’ అని. మిగతా అర్థాలన్నీ తరవాత వచ్చి చేరినవి అని.

ఆయన ఆ మాట కాస్సేపు నోట్లో తిప్పుకున్నారు. తరవాత పెద్దగా నవ్వారు. పళ్ళ సెట్టు లేదు, బోసి నవ్వు.

‘‘అయితే ఇన్నేళ్ళూ నేను అందర్నీ కూర్చోబెట్టానన్నమాట! మరింకేరా, నాకు సెట్టవలేదంటావేం?’’ అని మనవడి వీపు మీద ఒక్క చరుపు చరిచారు.

కుర్రాడు లేచి లోపలికెళ్ళి టీ కొట్టువాడి స్టూలు ఒకటి పట్టుకొచ్చాడు. అంతవరకూ మేం ముగ్గురం నిలబడే తాగుతున్నామని అప్పుడుగానీ నాకు స్ఫురించలేదు.

* * *

ఇక ఉత్తరానికి జవాబు.

అబ్బాయీ, ‘సెట్టు మీద’ అనే ఆ ‘మీద’ నాటకాలవాళ్ళ దగ్గర్నించి వచ్చిందని నాకనిపిస్తుంది. నాటకం వేదిక మీద ఆడతారు కదా! 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు గారు ‘కీచకవధ’తో మొదలెట్టిన సురభివారి నాటకాలు చూసినవాళ్ళకి తెలుసు. అక్కడ మాయలూ, మెరుపులూ, తెరలూ అన్నిటికీ కలిపి జనం పెట్టుకున్న పేరు ‘సెట్టింగులు’. ‘‘ఆహా, ఏం సెట్టింగులు!’’ అని మా అమ్మమ్మ కూడా అనేది. ఆవిడకి ఇంగ్లీషు ముక్క రాదు. నాటకం పోయి సినిమా వచ్చినా ఆ ‘మీద’ మనతోనే వుండిపోయింది. అంచేత భాషలో తప్పేం లేదు, రాసుకోవచ్చు.

కానీ నీ ప్రశ్న మంచిదే. సెట్టు మీద ఎవరుంటారో మేం వారం వారం రాస్తూనే వున్నాం. ఫొటోలు వేస్తున్నాం, పుట్టినరోజులకి శుభాకాంక్షలు చెబుతున్నాం. సెట్టు వెనక, మేకుల వైపు ఎవరుంటారో రాయడానికి మాకు ఒక పాఠకుడి ఉత్తరం కావలసి వచ్చింది. వాలీబాల్లో బంతి ఎత్తేవాడి సంగతి గుర్తుంచుకోమన్నాను కదూ! ఇందుకే. ఈసారి సినిమా చూస్తున్నప్పుడు రాజుగారు కూర్చునే కుర్చీ కేసి కూడా ఒకసారి చూడండి. డైలాగు పోతుందని భయపడకండి, అది మళ్ళీ టీవీలో వస్తుంది.

అన్నట్టు, మీ ఇంట్లో ఒక రోజులో ఎన్ని రకాల సెట్లు వినబడతాయో లెక్కపెట్టి రాయండి. నేను విన్నవాటిని దాటినవాళ్ళ పేర్లు ఈ శీర్షికలోనే అచ్చువేస్తాం. బహుమతి మాత్రం అడక్కండి. టీ సెట్టు ఇద్దామనుకున్నాను గానీ, చుట్టాలొచ్చి వెళ్ళాక అందులో ఒక కప్పు తగ్గింది. ఇప్పుడది సెట్టు కాదు.

వచ్చే వారం ఇంకో మాటతో కలుద్దాం.